మెడ మీద దెబ్బ కనబడకపోతే ఊపిరాడక చావలేదనా? ఫ్లాయిడ్ పోస్టుమార్టం మీద మా బావతో తగువు

గంటస్తంభం_గాలోడు
మా ఫ్యామిలీ గ్రూపులో కొన్నాళ్ళుగా ఒకటే రచ్చ. మా పెద్దబావ అమెరికాలో ఉంటాడు. 2020 మేలో మిన్నియాపాలిస్‌లో డెరెక్ షోవిన్ అనే పోలీసు మెడ మీద మోకాలు పెట్టి అదిమితే పోయాడే, ఆ జార్జ్ ఫ్లాయిడ్ మోకాలి దెబ్బకి చావలేదు, డ్రగ్స్ ఎక్కువై చచ్చాడు, ఆ పోలీసుని అన్యాయంగా లోపలేశారు, క్షమాభిక్ష పెట్టి వదిలెయ్యాలి అని రోజుకో వీడియో పంపిస్తాడు. నిన్న ఏకంగా పోస్టుమార్టం రిపోర్టులో ఒక పేజీయే పెట్టాడు. చదివితే ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. ప్రాణం తీసేంత గాయాలు కనబడలేదు అని ఉంది. రక్తంలో ఫెంటానిల్ అనే మత్తుమందు మిల్లీలీటరుకి 11 నానోగ్రాములు, మెథ్ అనే ఇంకో డ్రగ్ 19. గుండె రక్తనాళాలు చాలావరకు మూసుకుపోయాయి. పైగా కరోనా పాజిటివ్.

మరి కోర్టు దాన్ని హత్య అని 22 ఏళ్ళ 6 నెలలు ఎలా వేసింది? ప్రభుత్వ డాక్టరు గుండె ఆగి అంటాడు, ఇంటివాళ్ళు పెట్టుకున్న డాక్టర్లు ఊపిరాడక అంటారు. ఒకే శవానికి రెండు కారణాలేంటి? తెలిసినవాళ్ళు చెప్పండి. రాజకీయం వద్దు, పోస్టుమార్టం సంగతే కావాలి. జవాబు చెప్పకపోతే దసరాకి వచ్చి నా ఎదురుగా కూర్చుని ఉపన్యాసం ఇస్తాడు.

పలాస_జీడిపప్పు
అక్క మొగుడితో వాదించి గెలిచినవాడు మన జిల్లాలో ఇంకా పుట్టలేదు బావూ. ఊరుకో.

రాజాం_రైటు
మీ బావ చెప్పిందాంట్లో తప్పేటుంది? ఆ వీడియో నేనూ చూశాను. ఊపిరి ఆడట్లేదు, ఊపిరి ఆడట్లేదు అని అన్నిసార్లు అరిచాడు. ఊపిరి ఆడనోడు అరవగలడా? మెడ మీద అంతసేపు తొక్కితే లోపల ఎముకైనా విరగాలి, కమిలైనా ఉండాలి. ఏమీ లేదు. రక్తంలో మాత్రం డ్రగ్ ఉంది. కారణం ఎదురుగా కనబడుతుంటే కనబడనిదాన్ని పట్టుకుంటారేం?

సిస్టర్_సిక్కోలు
రైటు గారూ, నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని. "మాట్లాడుతున్నాడు కాబట్టి ఊపిరి ఆడుతున్నట్టే" అన్న మాట మా వార్డులో కొత్తగా వచ్చినవాళ్ళ నోట కూడా వింటుంటాను, విన్నప్పుడల్లా భయమేస్తుంది.

మనిషి ఒక్కసారి ఊపిరి పీల్చినప్పుడు సుమారు 500 మిల్లీలీటర్ల గాలి లోపలికెళ్తుంది. అందులో 150 దాకా గొంతులో, గాలిగొట్టాల్లోనే ఉండిపోతుంది, దానివల్ల రక్తానికి అందే ఆక్సిజన్ ఏమీ ఉండదు. మిగతాదే లోపలి గాలి తిత్తుల దాకా వెళ్ళి పని చేస్తుంది. బోర్లా పడుకోబెట్టి, చేతులు వెనక్కి విరిచి సంకెళ్ళేసి, మీద బరువు పెడితే ఛాతీ పైకి లేవదు, పొట్ట కిందికి దిగదు. చిన్న చిన్న ఊపిర్లే వస్తాయి. మాట రావడానికి ఆ కొంచెం గాలి చాలు. మెదడుకి, గుండెకి మాత్రం చాలదు. వార్డులో ఎవరైనా "ఆయాసంగా ఉంది సిస్టర్" అంటే ఆక్సిజన్ పెడతాం. మాట్లాడుతున్నావు కదా, బాగానే ఉన్నావు అనం.

గరివిడి_మాంగనీసు
మా ఆవిడ దెబ్బలాడినప్పుడు ఊపిరి తీసుకోకుండానే మాట్లాడుతుంది. కాబట్టి రెండిటికీ సంబంధం లేదని నేను సాక్ష్యం చెప్పగలను.

టెక్కలి_టు_టెక్సాస్
విచారణ ఇక్కడ టీవీలో లైవ్ వచ్చింది, 2021 మార్చి నెలాఖరు నుంచి. నేను వర్క్ ఫ్రం హోంలో పక్కన పెట్టుకుని చాలావరకు చూశాను. సిస్టర్ గారు చెప్పిందే మార్టిన్ టోబిన్ అని ఒక ఊపిరితిత్తుల డాక్టరు వచ్చి చెప్పాడు. పక్కా ఐరిష్ యాస, మన మాస్టారు బోర్డు దగ్గర నిలబడి చెప్పినట్టే చెప్పాడు. జ్యూరీ వాళ్ళని మీ మెడ మీద మీరే చెయ్యి పెట్టుకుని చూడండి అన్నాడు, వాళ్ళు నిజంగానే పెట్టుకున్నారు. జడ్జి కల్పించుకుని, అది తప్పనిసరి కాదు అని చెప్పాల్సొచ్చింది.

ఆయన వీడియోలో ఒక చిన్న విషయం చూపించాడు, నాకు ఇప్పటికీ గుర్తే. ఫ్లాయిడ్ వేళ్ళ కణుపులు పోలీసు కారు టైరుకి ఆనించి తోస్తున్నాడు. చూసేవాళ్ళకి పెనుగులాట అనిపిస్తుంది. టోబిన్ ఏమన్నాడంటే, ఛాతీ లేవట్లేదు కాబట్టి కుడి భుజాన్ని పైకెత్తుకుని ఊపిరి తీసుకోవాలని వేళ్ళని నేలకి, టైరుకి తన్నిపెడుతున్నాడు అని.

రాజాం_రైటు
టోబిన్ ప్రాసిక్యూషన్ తరఫున వచ్చినాయన. ఆ పక్క మాటే చెప్తాడు. డిఫెన్సు తరఫున కూడా పెద్ద డాక్టరే వచ్చాడు, డేవిడ్ ఫౌలర్. మేరీలాండ్ రాష్ట్రానికి చీఫ్ మెడికల్ ఎగ్జామినర్‌గా, అంటే అనుమానాస్పద చావులకి కారణం తేల్చే పెద్ద డాక్టరుగా, చాలా ఏళ్ళు చేశాడు. గుండె జబ్బు వల్ల లయ తప్పి ఆగిపోయింది, డ్రగ్స్, కారు పొగలో కార్బన్ మోనాక్సైడ్ తోడయ్యాయి, హత్యో కాదో తేల్చలేం అన్నాడు. ఆయన మాటకి విలువ లేదా?

టెక్కలి_టు_టెక్సాస్
కార్బన్ మోనాక్సైడ్ సంగతి ఒక్కరోజు కూడా నిలబడలేదు. టోబిన్ని మళ్ళీ పిలిచారు. ఆస్పత్రి పరీక్షలో హిమోగ్లోబిన్ 98 శాతం ఆక్సిజన్‌తో నిండి ఉంది, ఇంక మోనాక్సైడ్‌కి మిగిలింది మహా అయితే 2 శాతం, అది మామూలు మనుషుల్లోనూ ఉంటుంది అన్నాడు. అంతే.

ఫౌలర్ గారి విలువ అడిగారు కాబట్టి చెప్తున్నా. ఆయన సాక్ష్యం విన్నాక వందల మంది డాక్టర్లు ఉత్తరం రాస్తే, మేరీలాండ్ ప్రభుత్వం ఆయన హయాంలో పోలీసులు పట్టి అదిమినప్పుడు పోయినవాళ్ళ ఫైళ్ళు బయటి నిపుణులతో తిరిగి చూపించింది. 2025 మేలో ఫలితం వచ్చింది. చూసినవి 87 కేసులు. అందులో 36 హత్య అని రాయాల్సినవని ముగ్గురేసి పరిశీలకులూ ఏకాభిప్రాయంతో తేల్చారు. అవి అంతకుముందు తేలనివనో, ప్రమాదమనో, సహజమనో రాసేసినవి.

నాగావళి_ఒడ్డున
36 కుటుంబాలు అన్నాళ్ళూ ఏమనుకుని బతికుంటాయో.

ఫారం_నాలుగు
నేను ఒక పెద్దాస్పత్రి రికార్డు సెక్షన్‌లో చేసి రిటైరయ్యాను. అసలు ప్రశ్నకి వస్తే, ఒకే శవానికి రెండు కారణాలు అని గాలోడు గారు అనుకుంటున్నారు కానీ రెండూ అంత దూరంగా లేవు.

మిన్నియాపాలిస్ ఉండే హెన్నెపిన్ కౌంటీ డాక్టరు, ఆండ్రూ బేకర్, "గుండె ఆగి" అని వదిలెయ్యలేదు. పోలీసులు లొంగదీసి, పట్టి ఉంచి, మెడ నొక్కుతున్న క్రమంలో గుండె, ఊపిరి ఆగిపోయాయి అని రాశాడు. చావు తీరు దగ్గర హత్య అని రాశాడు. గుండె జబ్బు, బీపీ, ఫెంటానిల్, మెథ్ విడిగా కింద, "ఇతర ముఖ్యమైన పరిస్థితులు" అన్న చోట ఉన్నాయి. మీ బావగారు పంపిన పేజీ గాయాల చిట్టా అయ్యుంటుంది. కారణం రాసిన పేజీ పెట్టమనండి.

మన దగ్గర కూడా మరణ కారణం రాసే ఫారం 4 మీద అచ్చులోనే ఉంటుంది, గుండె ఆగడం లాంటి చనిపోయిన తీరు రాయొద్దు, దానికి దారితీసిన జబ్బో దెబ్బో రాయండి అని. అయినా నా సర్వీసు మొత్తం మీద చూసిన కాగితాల్లో "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని ఒక్క ముక్క రాసి సంతకం పడేసినవే ఎక్కువ. గుండె, ఊపిరి ఆగకుండా ఎవడైనా చచ్చాడా? అది కారణం కాదు, చావుకి ఇంకో పేరు. హౌస్ సర్జన్ కుర్రాళ్ళని వెనక్కి పంపిస్తే నన్ను చాదస్తుడు అనేవారు.

పలాస_జీడిపప్పు
మా తాతగారి సర్టిఫికెట్‌లో అదే ఉంది. ఆయన కొబ్బరిచెట్టు మీంచి పడ్డారు.

గరివిడి_మాంగనీసు
^^ కింద పడ్డాక గుండె ఆగిందిగా, డాక్టరు అబద్ధం రాయలేదు 😀

గంటస్తంభం_గాలోడు
ఫారం నాలుగు గారూ, ఇది బాగా అర్థమైంది. కానీ మెడ మీద గుర్తు లేకపోవడం ఏంటి? మా బావ పట్టుకున్న కొమ్మ అదే.

సిస్టర్_సిక్కోలు
మోకాలు, దాని కింది ముంగాలు వెడల్పుగా ఉంటాయి, ప్యాంటు గుడ్డ మధ్యలో ఉంటుంది, బరువు కదలకుండా ఒకేచోట ఉంటుంది. తాడు, వేళ్ళు పడినట్టు కోసుకుపోయిన గుర్తు పడదు. ఊపిరాడక పోయినవాళ్ళ కళ్ళలో చిన్న రక్తపు చుక్కలు కనిపిస్తాయంటారు, అవి ఉంటే ఉంటాయి, లేనంత మాత్రాన ఊపిరాడక చావలేదని కాదు. దిండు అదిమి చంపిన పసిపిల్లల్లో, ముసలివాళ్ళలో కూడా పోస్టుమార్టంలో ఏమీ దొరకని సందర్భాలు ఉంటాయని ఫోరెన్సిక్ సార్లు చెప్తుంటారు. ఆక్సిజన్ అందలేదన్న సంగతి కోసి చూస్తే కనబడే గాయం కాదు. అందుకే ఘటనాస్థలం, వీడియో, సాక్షులు లేకుండా శవం ఒక్కదాన్నే చూసి తేల్చరు.

రాజాం_రైటు
అంటే గుర్తు ఉన్నా హత్యే, లేకపోయినా హత్యే. బాగుంది.

సిస్టర్_సిక్కోలు
నేనలా అనలేదు. గుర్తు లేనంత మాత్రాన కాదని చెప్పలేం అన్నాను. ఉన్న వీడియో వదిలేసి లేని కమిలింపు కోసం వెతుకుతున్నది మీరు.

కోర్టుపక్షి_బొబ్బిలి
రైటు గారి వాదన మా బార్‌లో రోజూ వినేదే. ముద్దాయి తరఫున నేనూ చేశాను, డబ్బులు తీసుకుని 😀. మనిషికి ముందే రోగం ఉంది, నేను కొట్టిన దెబ్బకి మామూలోడైతే పోడు అని. చట్టంలో దీనికి జవాబు 1860 నుంచీ ఉంది. ఐపీసీ 299కి మొదటి వివరణ, ఇప్పుడు బీఎన్‌ఎస్ 100 కింద అదే మాట: రోగంతోనో, నలతతోనో ఉన్న మనిషికి దెబ్బ తగిలించి అతని చావుని త్వరపెట్టినా, చావుకి కారణమైనట్టే లెక్క. పగులున్న కుండని తన్ని, ముందే పగిలుందండీ అంటే కుమ్మరి ఊరుకోడు. అమెరికా కోర్టుల్లో మాటలు వేరు, సూత్రం ఇదే. జ్యూరీకి జడ్జి చెప్పింది కూడా, మోకాలు ఒక్కటే కారణం కానక్కర్లేదు, చావులో గణనీయమైన కారణం అయితే చాలు అని.

రాజాం_రైటు
కుండ సంగతి సరే. పగులు ఎంత పెద్దది అన్నది కదా ప్రశ్న. బేకర్ స్వయంగా ప్రాసిక్యూటర్లతో అన్న మాట చెప్పనా? ఇదే మనిషి ఇంట్లో ఒంటరిగా చనిపోయి దొరికి, వేరే కారణం కనబడకపోతే, ఈ ఫెంటానిల్ చూసి ఓవర్‌డోస్ అని రాయొచ్చు అన్నాడు. రికార్డులో ఉంది.

టెక్కలి_టు_టెక్సాస్
ఉంది. అదే కాగితంలో, దీనివల్లే చచ్చాడని నేను అనట్లేదు అని కూడా ఉంది. "ఇంట్లో ఒంటరిగా" అన్న ముక్క మీరే రాశారు, దాన్ని మీరే దాటేశారు. ఇతను ఇంట్లో లేడు, ఒంటరిగా అసలే లేడు, ముగ్గురు పోలీసులు మీద ఉన్నారు.

సిస్టర్_సిక్కోలు
ఫెంటానిల్ మేం థియేటర్లో రోజూ వాడే మందే. ఎక్కువైతే ఎలా ఉంటుందో చూశాం. మనిషి మత్తుగా జారిపోతాడు, పిలిస్తే పలకడు, కంటిపాప సూదిమొన అంత అవుతుంది, ఊపిరి నిమిషానికి పది, ఎనిమిది, ఆరు అలా పడిపోతుంది. పాపం ఇతను సార్, అమ్మా అని బతిమాలుతున్నాడు. టోబిన్ వీడియోలో ఊపిర్లు లెక్కపెట్టారని చదివాను, టెక్కలి గారూ ఎంత?

టెక్కలి_టు_టెక్సాస్
22. స్పృహ పోయేముందు లెక్క. ఫెంటానిల్ పట్టి ఉంటే 10 దగ్గర ఉండాలి అన్నాడు. ఇంకా, ఒంట్లో ఆక్సిజన్ మొత్తం అయిపోయిన తర్వాత కూడా 3 నిమిషాల 2 సెకన్లు మోకాలు అలాగే ఉంది అన్నాడు. మొత్తం 9 నిమిషాల 29 సెకన్లు. మొదట్లో 8:46 అని పోస్టర్లు వేశారు గుర్తుందా, తర్వాత బాడీ కెమెరాలు చూసి సరిచేశారు.

రాజాం_రైటు
అలవాటైనోడికి లక్షణాలు వేరుగా ఉంటాయి. 2019 మేలో పట్టుబడినప్పుడు కూడా మాత్రలు మింగేసి బీపీ 216/160 దాకా వెళ్ళింది. ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సొచ్చింది. ఇది కోర్టులోనే వచ్చింది.

గరివిడి_మాంగనీసు
మరి అప్పుడు బతికాడు కదా. అప్పుడు మెడ మీద ఎవరూ కూర్చోలేదు.

పలాస_జీడిపప్పు
మాంగనీసు ఈ ఏడాదికి ఒక్క పనికొచ్చే పోస్టు పెట్టాడు. మోడరేటర్ గారూ, పిన్ చెయ్యండి.

రిటైర్డ్_హెచ్‌సీ
ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. నేను డిపార్టుమెంటులో కానిస్టేబుల్‌గా చేరి హెడ్డుగా దిగిపోయినవాణ్ణి. ఒక జాతర బందోబస్తులో జరిగింది చెప్తాను, ఊరు వద్దు.

తాగి గొడవ చేస్తున్న ఒకణ్ణి నలుగురు కుర్రాళ్ళం పడేశాం. బోర్లా పడేసి, ఒకడు కాళ్ళ మీద, ఒకడు నడుం మీద, నేను భుజాల మీద. వాడు ఏనుగంత ఉన్నాడు, ఎగదన్నేస్తున్నాడు. వాడు ఎగదన్నేకొద్దీ మేం అదిమాం. కాసేపటికి ఉన్నట్టుండి మెత్తబడిపోయాడు. లొంగాడ్రా అని మాలో ఒకడు నవ్వాడు. మా పాత హెడ్డు గారు చుట్ట అవతల పారేసి పరిగెత్తుకొచ్చి, లెగండ్రా ఎదవల్లారా అని నన్ను కాలితో తన్ని మరీ లేపాడు. వాణ్ణి పక్కకి తిప్పి, చొక్కా గుండీలు పీకి, మొహం మీద నీళ్ళు కొట్టాడు. పెదాలు నీలం తిరిగి ఉన్నాయి. గుర్రుమని ఊపిరి తీసుకున్నాడు. ఆ చప్పుడు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

మాకు ట్రైనింగులో లాఠీ ఎలా పట్టుకోవాలో చెప్పారు. బోర్లా పడుకోబెట్టినోడు ఎగదన్నేది మనల్ని కొట్టడానికి కాదు, గాలి కోసం అని ఎవరూ చెప్పలేదు. హెడ్డు గారికి ఎలా తెలుసో అడిగితే, తెలిసే లోపల ఒకడు పోయాడులే అన్నారు. ఇంకేమీ చెప్పలేదు.

నాగావళి_ఒడ్డున
హెచ్‌సీ గారూ, ఇది రాయడం తేలిక కాదు. నమస్కారం.

టెక్కలి_టు_టెక్సాస్
హెచ్‌సీ గారి మాటలోనే అసలు విషయం ఉంది. అమెరికాలో పోలీసులకి ఈ సంగతి తెలియక కాదు. 1995లోనే అక్కడి న్యాయశాఖ పరిశోధన విభాగం ఒక కరపత్రం వేసింది, సంకెళ్ళు పడగానే బోర్లా ఉన్నవాణ్ణి పొట్ట మీంచి తిప్పెయ్యండి అని. ఆ రోజు ఫ్లాయిడ్ కాళ్ళు పట్టుకున్న కొత్త పోలీసు లేన్, పక్కకి తిప్పుదామా అని అడిగాడు. షోవిన్ వద్దు, ఉన్నచోటే ఉండనీ అన్నాడు. నడుం దగ్గరున్న ఇంకొకతను నాడి చూసి దొరకట్లేదు అన్నాడు. అప్పటికీ తియ్యలేదు. డ్యూటీలో లేని ఒక ఫైర్ డిపార్టుమెంటు అమ్మాయి, నాడి చూడండి, నన్ను సాయం చెయ్యనివ్వండి అని మొత్తుకుంది, దగ్గరికి రానివ్వలేదు. జ్యూరీ దాన్నే చూసింది. నానోగ్రాముల దగ్గర ఆగలేదు.

రాజాం_రైటు
హెచ్‌సీ గారి మీద గౌరవం ఉంది. ఆయన చెప్పినోడు తాగినోడు కూడా, బతికాడు. వీధిలో పోలీసోడు ఎదుటోడి గుండె రక్తనాళాలు స్కాన్ చేసి పట్టుకుంటాడా? మనిషి కారెక్కనని పెనుగులాడాడు. అదుపు చెయ్యకపోతే అదీ తప్పే అంటారు.

రిటైర్డ్_హెచ్‌సీ
అదుపు చెయ్యొద్దని ఎవరన్నారు బాబూ. సంకెళ్ళు పడ్డాక అదుపులో ఉన్నట్టే కదా. ఆ తర్వాత నిమిషాలన్నీ దేనికి?

ఫారం_నాలుగు
ఇంకో మాట. ఆ లేన్ అన్న పోలీసే "ఎక్సైటెడ్ డెలీరియమో ఏదో అయ్యుంటుంది" అని కూడా అన్నాడు. మనిషి పిచ్చి బలంతో ఊగిపోయి తనంతట తానే చచ్చిపోతాడని చెప్పే రోగం అది. పోలీసుల చేతిలో పోయినవాళ్ళ కాగితాల్లోనే ఎక్కువగా కనబడే రోగం. 2023లో అమెరికా మెడికల్ ఎగ్జామినర్ల సంఘం దాన్ని మరణ కారణంగా ఒప్పుకోం అని చెప్పేసింది, అత్యవసర వైద్యుల సంఘం తన 2009 నాటి పత్రాన్ని వెనక్కి తీసుకుంది, కాలిఫోర్నియా చట్టం చేసి సర్టిఫికెట్లలో రాయకుండా నిషేధించింది. మన దగ్గర దానికి బదులు "ఫిట్స్ వచ్చి" అని రాస్తారు.

కోర్టుపక్షి_బొబ్బిలి
ఫారం గారూ 👌. గాలోడు గారి మొదటి ప్రశ్నలో ఇంకో మెలిక మిగిలింది. డాక్టరు "హత్య" అని రాస్తే అది కోర్టు చెప్పే హత్య కాదు. ఇంకొకరి చేతల వల్ల చనిపోయాడు అనడమే. నేరం ఎంతో, ఎవరిదో తేల్చేది జ్యూరీ. న్యూయార్క్‌లో ఎరిక్ గార్నర్ 2014లో పోయాడు, మెడ పట్టు, ఛాతీ మీద ఒత్తిడి, బోర్లా పడెయ్యడం అని డాక్టరు రాశాడు, హత్య అనే రాశాడు. గ్రాండ్ జ్యూరీ అసలు కేసే పెట్టనివ్వలేదు. ఆ పోలీసు ఉద్యోగం పోవడానికే 2019 దాకా పట్టింది. కాబట్టి డాక్టరు మాటతోనే షోవిన్‌కి శిక్ష పడిపోయిందనడం కూడా తప్పే.

క్షమాభిక్ష గురించి మీ బావకి ఒకటి చెప్పండి. అధ్యక్షుడు ఫెడరల్ శిక్షనే మాఫీ చెయ్యగలడు. అక్కడ షోవిన్ తానే నేరం ఒప్పుకున్నాడు, 2021 డిసెంబర్‌లో. మిన్నెసోటా రాష్ట్రం వేసిన 22న్నర ఏళ్ళు అలాగే ఉంటాయి. మాఫీ వస్తే జైలు మారుతుంది తప్ప ఇంటికి పోడు.

గంటస్తంభం_గాలోడు
ఈ ముక్క ఇప్పుడే గ్రూపులో వేశాను. బ్లూ టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. మా అక్క మాత్రం దండం ఎమోజీ పెట్టింది, ఎవరికో తెలియలేదు.

పలాస_జీడిపప్పు
అది బావకి కాదు, దసరాకి.

నాగావళి_ఒడ్డున
అమెరికా గురించి ఇన్ని గంటలు మాట్లాడుకున్నాం. అదే 2020 జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో పోలీసుల చేతిలో తండ్రీకొడుకులు పోయారు. మొదట చెప్పింది ఒకరికి ఊపిరాడలేదని, ఒకరికి జ్వరమని. తర్వాత సీబీఐ వచ్చి తొమ్మిది మంది పోలీసుల మీద చార్జిషీటు వేసింది. అక్కడ గాయాలకి కొదవ లేదు, అయినా మొదటి కాగితం అలాగే ఉంది. అంతకు ముందు నెలలోనే మన విశాఖ రోడ్డు మీద ఒక డాక్టరు గారిని చేతులు వెనక్కి కట్టి పడేసిన వీడియో కూడా అందరం చూశాం. హైకోర్టు సీబీఐకి ఇచ్చింది. ఫోన్ కెమెరా లేకపోతే అదీ లేదు.

రాజాం_రైటు
సాత్తాన్‌కుళం వేరు. అది కొట్టి చంపడం. దాన్ని నేనూ సమర్థించను. దీన్ని దాంతో కలపకండి. ఫ్లాయిడ్ విషయంలో నా మాట అదే, డ్రగ్స్ లేకపోతే ఆ రోజు బతికేవాడు.

సిస్టర్_సిక్కోలు
ఆరోగ్యవంతుడైనా దానికి చనిపోయేవాడని టోబిన్ అన్నారు. మీరు నమ్మకపోతే సరే. మోకాలు లేకపోతే బతికేవాడా, కాదా? దానికి మీరు ఇంతవరకు జవాబు చెప్పలేదు.

మోడరేటర్_వంశధార
ఇద్దరూ మూడుసార్లు అదే అనుకున్నారు. కొత్త విషయం ఉంటేనే రాయండి. మాంగనీసు గారి ఆవిడ మీద జోకులు రెండు తీసేశాను.

సాలూరు_సంత
నాది కొత్త విషయమే, అడగొచ్చో లేదో తెలియదు. మా మేనమామ కొడుకు, నాకు బావ వరస, తాగుడు మాన్పించడానికి ఒక సెంటర్లో చేర్పించాం. పేరు రాయను. రాత్రి గొడవ చేశాడని నలుగురు పట్టుకుని మంచానికి బోర్లా కట్టేశారట. తెల్లారి ఫోన్, గుండెపోటు వచ్చింది రమ్మని. పోస్టుమార్టం అయింది. కాగితంలో విసెరా రిపోర్టు (లోపలి అవయవాల్లో విషం ఉందేమో చూసే పరీక్ష) వచ్చాక తుది అభిప్రాయం అని ఉంది. మణికట్ల మీద గుర్తులున్నాయి, వేరే గాయాల్లేవు అని రాశారు. గాయాల్లేవు కదా, ఏం కేసు అని అందరూ అంటుంటే అత్త కూడా ఊరుకోమంటోంది. హెచ్‌సీ గారు రాసింది చదివాక నిద్ర పట్టలేదు.

సిస్టర్_సిక్కోలు
సాలూరు గారూ, ఎన్ని గంటలు అలా కట్టి ఉంచారు, ఎవరైనా మధ్యలో వచ్చి చూశారా, మత్తు ఇంజెక్షన్ ఏమైనా ఇచ్చారా, ఈ మూడూ కనుక్కోండి. మత్తిచ్చి బోర్లా కట్టేస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. పక్క మంచం వాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళతో ముందు మాట్లాడండి, వాళ్ళు డిశ్చార్జి అయిపోతే దొరకరు.

రిటైర్డ్_హెచ్‌సీ
వరండాలో సీసీ కెమెరా ఉంటే ఆ రాత్రి ఫుటేజీ భద్రపరచమని ఇవాళే స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. కొన్నాళ్ళకి దాని మీద కొత్తది పడిపోతుంది. నోటి మాటగా చెప్పొద్దు.

కోర్టుపక్షి_బొబ్బిలి
మానసిక ఆరోగ్య చట్టం 2017లో 97వ సెక్షన్ చూడండి. మనిషిని కట్టడం తప్ప వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితోనే, అవసరమైనంతసేపే కట్టాలి. ఎందుకు కట్టారు, ఎంతసేపు కట్టారు అన్నది కేసు షీటులో రాయాలి. శిక్షగా కట్టకూడదు. వాళ్ళ దగ్గర ఆ రాత అడిగితే సగం కథ తేలిపోతుంది, రాసి ఉంటే టైము తెలుస్తుంది, రాయకపోతే అదే తప్పు.

స్టేషన్‌లోనో జైల్లోనో పోయుంటే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన చట్టం) 196 కింద మేజిస్ట్రేటు విచారణ ఉండేది. ఇది ప్రైవేటు సెంటర్ కాబట్టి 194 కింద పోలీసు ఇన్‌క్వెస్టుతోనే, అంటే చావు మీద పోలీసులు చేసే ప్రాథమిక విచారణతోనే, నడుస్తుంది, మీరు అడక్కపోతే అక్కడే ఆగుతుంది. పోస్టుమార్టం చేసిన డాక్టరుకి బోర్లా కట్టారన్న సంగతి ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే తుది అభిప్రాయం రాసేలోపు దర్యాప్తు అధికారి ద్వారా ఆ వివరం ఆయన ముందుకి వెళ్ళాలి. విసెరాలో విషం లేదని వస్తే గుండెపోటు అని ముగించేసే ప్రమాదం ఉంది. విసెరా విషం చెప్తుంది, ఎలా కట్టారో చెప్పదు.

సాలూరు_సంత
డాక్టరుకి ఎవరూ చెప్పలేదు. మాకే తర్వాత తెలిసింది. పక్క మంచం కుర్రాడిది పార్వతీపురం దగ్గర ఊరు, నంబరు ఉంది.

కోర్టుపక్షి_బొబ్బిలి
ఆ కుర్రాడితో ఫోన్‌లో వివరాలు అడగొద్దు, భయపడతాడు. మనిషిని కలవండి. సోమవారం మధ్యాహ్నం భోజనాల టైముకి కోర్టు దగ్గరికి రండి. ఇన్‌క్వెస్టు కాపీ, పోస్టుమార్టం కాగితం, సెంటర్లో కట్టిన డబ్బు రసీదులు, అన్నీ రెండేసి జిరాక్సులు తెండి. మీ అత్తగారిని కూడా తీసుకురండి, ఫిర్యాదు ఆవిడ పేరుతో ఉండాలి. ఫీజు సంగతి తర్వాత.